పెరటిలో ఈతకొలను: తవ్వకముందు తెలుసుకోవలసినవి

నగరాల శివార్లలో కొత్తగా ఇండ్లు కట్టుకొంటున్నవారిలోను, స్వగ్రామాలలో తాతలనాటి పెంకుటిల్లు విప్పి మేడ లేపుకొంటున్నవారిలోను, విదేశాలలో ఉద్యోగం చేసి వచ్చి ఇక్కడ స్థిరపడదలచినవారిలోను ఈమధ్య ఒక కోరిక తరచుగా వినవస్తున్నది. ఇంటి ఆవరణలో ఒక ఈతకొలను ఉండవలెనన్నదే ఆ కోరిక. అది మంచి కోరికే. ఈత సర్వాంగాలకు బలాన్నిచ్చే వ్యాయామం. ఒకప్పుడు మన పల్లెలలో పిల్లలు నడుముకు సొరకాయబుర్రలు కట్టుకొని మోటబావులలో దూకి, పెద్దవాళ్లు గట్టుమీద నిలబడి చూస్తుండగా, రెండు మూడు వేసవులలో గజఈతగాండ్రు అయ్యేవారు. ఆ బావులు అనేకం ఎండిపోయినవి, కొన్ని పూడిపోయినవి. అందుచేత, కలిగినవారు తమ పిల్లలకు ఆ నీటిసుఖాన్ని ఇంటివద్దనే సమకూర్చుదామని తలపోయడం సహజమే.

కాని, ఈ ఆలోచన వచ్చిన మరుక్షణం మనలో చాలామంది మొట్టమొదట వేసే ప్రశ్న ఏమిటంటే, ఎంత ఖర్చవుతుంది అని. శ్రోతలారా, అది చివర వేయవలసిన ప్రశ్న. మొదట వేయవలసిన ప్రశ్న వేరే ఉన్నది. ఈ స్థలం ఈతకొలనుకు తగినదేనా? డబ్బు చేతిలో ఉన్నంతమాత్రాన ప్రతి పెరడూ కొలనుకు ఒప్పుకోదు. ఒప్పుకోని చోట బలవంతాన కట్టిన కొలను, కట్టిననాడు కన్నులపండువగా ఉండి, నాలుగు వానకాలాలు గడిచేసరికి పగుళ్లిచ్చి, పాచిపట్టి, ఇంటికి భారమై కూర్చుంటుంది.

కావున, ఈనాటి ప్రసంగంలో నేను నాలుగు విషయాలు మనవి చేస్తాను. నాలుగే నాలుగు. గుర్తుంచుకోవడం కష్టం కాదు. మొదటిది నేల. రెండవది చోటు. మూడవది నీరు. నాలుగవది రక్షణ. నేల, చోటు, నీరు, రక్షణ. ఈ నాలుగూ అనుకూలిస్తేనే కొలను. వీటిలో ఏ ఒక్కటి కాదన్నా, తక్కిన మూడూ ఎంత బాగున్నా, కొలను తగదు.

మొదట నేలను గురించి చెప్పుకొందాము.

మన తెలుగుదేశంలో నేలలు ఒక్కతీరుగా లేవు. ఒక జిల్లాలోనే, ఒక్కొక్కప్పుడు ఒక ఊరిలోనే, రెండు మూడు విధాల నేలలు పక్కపక్కన కనిపిస్తాయి. కొలను కట్టదలచిన యజమాని తన స్థలంలో పైన ఆరంగుళాల మట్టిని చూసి తృప్తిపడరాదు. ఆ మట్టి ఎవరో లారీలో తెచ్చి పోయించినది కావచ్చు. కొలను ఎక్కడ లోతుగా ఉండవలెనని అనుకొంటున్నారో సరిగ్గా అక్కడ, ఒక పరీక్షగుంట తవ్వించవలెను. గుంట లోతు కొలను అడుగుకంటె కనీసం మరొక మూరెడు దిగవలెను. తవ్వేటప్పుడు ఏ లోతున ఏ మట్టి వచ్చినదో వ్రాసి పెట్టుకొనవలెను. గుంట ఉన్నన్నాళ్లు దానిపై గట్టి బల్లలు పరపించి, చుట్టూ కంపో, తడికో వేయించడం మరువరాదు; పిల్లలు, పశువులు అందులో పడే ప్రమాదమున్నది. మెత్తని నేలలో గట్లు విరిగిపడతాయి గనుక, ఊతాలు లేకుండా మనుషులను లోతుగుంటలోకి దింపరాదు.

ఆ గుంట మనకు ఏమి చెబుతుంది? నల్లరేగడి తగిలినదనుకొందాము. కర్నూలు, గుంటూరు, ఆదిలాబాదు ప్రాంతాలవారికి ఈ నేల స్వభావం నేను చెప్పనక్కరలేదు. పత్తికి, మిరపకు అది కల్పవల్లి. కట్టడాలకు మాత్రం అది పరీక్ష పెట్టే నేల. నీరు తాగినప్పుడు ఉబ్బుతుంది. ఎండినప్పుడు కుంచించుకొనిపోయి, మే నెలలో చేయి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. ఆ మట్టిలోని బంకకణాలు నీటిని తమ పొరల మధ్యకు పీల్చుకొనడమే ఇందుకు కారణం. అట్టి నేలలో కొలను కట్టితే, ఏటా వానకాలంలో మట్టి గోడలను లోపలికి నెట్టుతుంది; వేసవిలో వెనుకకు తగ్గి, ఆ గోడలకు ఆనుడు లేకుండా చేస్తుంది. ఈ ఒత్తిడికి కొలను ఎక్కడో ఒకచోట సన్నగా చిట్లిందనుకోండి. ఆ చీలికగుండా నీరు కారి, పక్కనున్న రేగడిని తడుపుతుంది. తడిసిన రేగడి మరింత ఉబ్బుతుంది. మరింత ఉబ్బి, చీలికను మరింత పెద్దది చేస్తుంది. కారడం వలన పగలడం, పగలడం వలన కారడం. ఒకసారి మొదలైతే దీనికి అంతు ఉండదు.

దీనికి ఉపాయం లేకపోలేదు. రేగడిని తగినంత లోతు, తగినంత వెడల్పు తీసివేయించి, ఉబ్బని మొరంతో నింపి, పొరలు పొరలుగా దిమ్మిస చేయించవచ్చును. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఇట్టి నేలలకోసమే, అడుగున గడ్డలాగా వెడల్పైన స్తంభాల పునాదిని రూపొందించినారు. కాని, ఇవన్నీ అనుభవమున్న ఇంజనీరు లెక్కగట్టి చేయించవలసిన పనులు. మేస్త్రీ మాటమీద చేసే పనులు కావు. మీ నేల రేగడి అవునో కాదో పరీక్షగుంట తవ్వకముందే కొంత తెలుసుకొనవచ్చును. ఇరుగుపొరుగు పాత ఇండ్ల గోడలు చూడండి. కిటికీ మూలలనుండి ఏటవాలుగా బీటలు పాకి, వేసవిలో విచ్చి, వానలలో మూసుకొంటున్నవా? అయితే ఆ గోడలు మీకు చెప్పవలసినది చెప్పినట్లే.

ఇక హైదరాబాదు పరిసరాలకు వస్తే, అక్కడి సమస్య మరొకటి. ఆ నగరం కూర్చున్న గ్రానైటు శిల సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. పైన రెండడుగుల మొరం, క్రింద నిండురాయి ఉన్న స్థలాలు అక్కడ కోకొల్లలు. రాతిమీద కొలను స్థిరంగా ఉంటుంది, సందేహం లేదు. కాని ఆ రాతిని తొలచేదెట్లా? ఇండ్ల నడుమ మందుపెట్టి పేల్చడం అనుమతులతో ముడిపడిన విషయం. పొరుగువారి గోడలకు, బోర్లకు హాని చేయగల విషయం. యంత్రాలతో కొట్టించడానికి వారాలు పట్టవచ్చును. అంతకంటె జాగ్రత్తగా చూడవలసినది మరొకటున్నది. కొలనుకు ఒకవైపు రాయి తగిలి, రెండవవైపు పోసిన మట్టి ఉంటే, రాతివైపు కదలదు, మట్టివైపు క్రుంగుతుంది. కదిలేదానికి, కదలనిదానికి మధ్య కాంక్రీటు చీలిపోతుంది. నిండురాయికన్న, నిండుమట్టికన్న, సగం రాయి సగం మట్టి ప్రమాదకరం. ఇది బాగా గుర్తుంచుకొనండి.

పోసిన మట్టి అన్నాను. పాత క్వారీ గుంటలను, చెరువు శిఖం భూములను ఇటుకముక్కలతో, చెత్తతో పూడ్చి, పైన ఎర్రమట్టి పరచి అమ్మిన ప్లాట్లు మన నగరాలలో ఉన్నవి. 2020 అక్టోబరులో హైదరాబాదులో కురిసిన కుంభవృష్టికి, ఏయే కాలనీలు పూర్వం చెరువులో, చెరువు దారులో ఊరందరికీ తెలిసివచ్చినది. అట్టి పూడిక నేల ఏళ్లతరబడి క్రుంగుతూనే ఉంటుంది. అక్కడ కొలను మాట తలపెట్టకపోవడమే మేలు.

గట్టి ఎర్రనేల, మొరం నేల, నీరు నిలవని నేల దొరికినవారు అదృష్టవంతులు. వారు రెండవ పరీక్షకు పోవచ్చును.

అయితే నేలను విడిచిపెట్టకముందు, నేలలోపలి నీటిని గురించి ఒక మాట చెప్పవలెను. ఇది చాలామంది ఊహించని సంగతి. కోనసీమలో, భీమవరం వైపు, కృష్ణా డెల్టాలో, వానకాలంలో నాలుగైదు అడుగులు తవ్వేసరికి నీరు ఊరే చోట్లున్నవి. అట్టి చోట కొలను నీటితో నిండి ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు. కాని శుభ్రం చేద్దామనో, రంగు వేద్దామనో యజమాని ఒకనాడు దానిని పూర్తిగా తోడించినాడనుకోండి. లోపల నీరు లేదు. వెలుపల నేలలో నీరు నిండుగా ఉన్నది. ఆ నీరు ఖాళీ తొట్టిని పైకి ఎత్తడానికి ప్రయత్నిస్తుంది. ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు గల కొలనును తీసుకొందాము. దాని అడుగుకంటె ఒక్క మీటరు ఎత్తున నేలలో నీరు నిలిచి ఉంటే, అడుగుపై పనిచేసే ఊర్ధ్వబలం 32 టన్నులు. కాంక్రీటు కొలనైనా సరే, ఆ బలానికి లేచి ఒరిగిపోగలదు, అడుగు పగిలిపోగలదు.

అందువలన, పరీక్షగుంట తవ్వి ఊరుకొనరాదు. ఒక రాత్రి గడవనిచ్చి, తెల్లవారి చూడవలెను. అడుగున నీరు చేరినదా? ఎంత ఎత్తు చేరినది? ఈ పరీక్ష వేసవిలో చేసి సంతోషపడితే ప్రయోజనం లేదు. భాద్రపదంలోనో, ఆశ్వయుజంలోనో, వానలు బాగా కురిసి నేల నానిన తరువాత చేయవలెను. నేలలో నీరు పైకి వచ్చే చోట కట్టక తప్పకపోతే, అడుగున కంకరపొర, నీరు చేరే సంపు, ఒత్తిడి పెరిగినప్పుడు తనంతట తెరచుకొనే కవాటం, ఇవన్నీ ఆదిలోనే అమర్చవలెను. వానకాలంలో కొలనును ఎన్నడూ ఖాళీ చేయరాదు. మరల చెబుతున్నాను: డెల్టాలో కొలను ఉన్నవారు వానకాలంలో దానిని ఖాళీ చేయరాదు.

ఇంతవరకు నేల. ఇక రెండవది, చోటు.

ఎనిమిది మీటర్లు, నాలుగు మీటర్లు అన్నాము గదా. దాని చుట్టూ మనిషి జారిపడకుండా నడిచేందుకు నాలుగడుగుల బాట కావలెను. బాటతో కలిపి లెక్కించితే దాదాపు 80 గజాల స్థలం పోతుంది. రెండువందల గజాల ప్లాటులో ఇల్లు కట్టి, చట్టం ప్రకారం విడువవలసిన ఖాళీలు విడిచి, ఇంకుడుగుంతకు, సెప్టిక్ ట్యాంకుకు, బండికి చోటు వదలి చూడండి. ఎనభై గజాలు మిగులుతాయా? మిగలవు. అట్టివారు ఖాళీగా విడువవలసిన చోటును ఆక్రమించి కొలనును ఇరికించడానికి ప్రయత్నించరాదు. పని మొదలుపెట్టకముందే పురపాలక సంఘం టౌన్ ప్లానింగువారిని అడిగి, ప్లానులో కొలనును చూపించి, అనుమతి పొందవలెను.

చోటు ఉన్నదనుకొందాము. అది ఇంటిగోడకు, పొరుగువారి ప్రహరీకి ఎంత దూరంలో ఉన్నది? ఇక్కడ ఇంజనీర్లు పాటించే సులభసూత్రం ఒకటి కలదు. పునాది అడుగుకంటె మీ తవ్వకం ఎంత లోతుకు దిగుతుందో, కనీసం అంత దూరం పునాదికి ఎడంగా జరగవలెను. ప్రహరీ పునాది రెండున్నర అడుగులే ఉండి, మీరు ఏడడుగులు తవ్వదలిస్తే, తేడా నాలుగున్నర అడుగులు. ఆ నాలుగున్నర అడుగులైనా ఎడముండవలెను. మెత్తని నేలలో ఇది చాలదు; ఇంకా దూరం పోవలెను. లోతు ఎంత ఎక్కువో, ఎడం అంత ఎక్కువ. ఈ ఒక్కమాట మరచినందువలన కూలిన ప్రహరీలు ఉన్నవి, వాటి క్రింద నలిగిన కూలీలు ఉన్నారు.

తరువాత తలెత్తి పైకి చూడండి. కొలనుమీదుగా కరెంటు తీగలు పోతున్నవా? పోతుంటే ఆ చోటు పనికిరాదు. చెట్లున్నవా? వేప, చింత చిన్నచిన్న ఆకులను రాల్చి వడపోతయంత్రాన్ని నింపివేస్తాయి. రావి, మర్రి వేళ్లు తడి ఎక్కడున్నా వెదకుకొంటూ వచ్చి, కాంక్రీటు సందులలో దూరుతాయి. అయినంతమాత్రాన, ముప్పదేండ్లు నీడనిచ్చిన చెట్టును కొలనుకోసం కొట్టివేయవలెనా? నా మనవి ఏమనగా, కొట్టవద్దు. అనుమతి లేకుండా చెట్లు నరకడం, నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం నేరం కూడాను. చెట్టు ఉన్న పెరటిలో చెట్టు ఉండనీయండి.

చూపు మరల క్రిందికి దింపితే, పల్లం ఎటున్నది? వాననీరు వీధినుండి పెరటిలోకి వస్తుంటే, ప్రతి వానకూ ఆ బురద కొలనులో చేరుతుంది. సెప్టిక్ ట్యాంకు ఎక్కడున్నది? కొలను దానికి దూరంగా, ఎగువన ఉండవలెను.

ఈ సందర్భంలో వాస్తును గురించి అడిగేవారుంటారు. నీటికి ఈశాన్యం ప్రశస్తమని పెద్దలు చెప్పినారు. ఆ విశ్వాసంతో ఇల్లు కట్టుకొన్నవారు కొలనును అక్కడనే కోరుకొంటారు. ఈశాన్యంలో నేల గట్టిగా ఉండి, పునాదులకు దూరంగా ఉంటే అంతకంటె కావలసినదేమున్నది? అక్కడ పొరుగుగోడ ఆనుకొని ఉంటే, లేక పూడిక మట్టి ఉంటే, కొలను కోరికనే మానుకొనవలెను గాని, దిక్కుకోసం గోడలను ప్రమాదంలో పెట్టరాదు.

పెరడు లేనివారు కొందరు మేడపైన కొలను కట్టుదామంటారు. వారికి ఒక్క లెక్క చెబుతాను. ఒక మీటరు లోతు నీరు, ప్రతి చదరపు మీటరుమీద ఒక టన్ను బరువు. అనగా వెయ్యి కిలోలు. మామూలు ఇంటిమేడను మనుషులు, సామాను మోయడానికి చదరపు మీటరుకు నూటయాభై, రెండువందల కిలోల లెక్కన కడతారు. వెయ్యి ఎక్కడ, రెండువందలు ఎక్కడ? ఆదినుండి కొలనుకోసమే లెక్కకట్టి నిర్మించిన మేడకు తప్ప, కట్టి ఉన్న ఇంటిపైన నీటి తొట్టి పెట్టడం ఇంటిల్లిపాదికీ ప్రాణాపాయం. పిల్లలకోసం కొనే, గాలి ఊది నింపే పెద్ద తొట్లకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

నేల చూచినాము, చోటు చూచినాము. మూడవది నీరు. నా మట్టుకు నాకు, మన ప్రాంతంలో అన్నిటికంటె బరువైన ప్రశ్న ఇదే.

మనం అనుకొన్న కొలనును సగటున ఒకటిన్నర మీటరు లోతు కట్టినామనుకొనండి. అందులో పట్టే నీరు 48 వేల లీటర్లు. ఆ సంఖ్యను మరొక విధంగా చెబుతాను. ఐదువేల లీటర్ల ట్యాంకర్లు వీధిలో వరుసగా పది నిలబడితే గాని ఆ కొలను నిండదు. ఇంకొక విధంగా చెబుతాను. పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు అవసరమని మన ప్రభుత్వ ప్రమాణం. ఆ లెక్కన, నలుగురున్న కుటుంబం స్నానానికి, వంటకు, బట్టలకు, అన్నిటికీ మూడు నెలలపాటు వాడుకొనే నీరు ఆ కొలనులో ఒక్కమారు పోయవలెను. ఒక కొలను, ఒక కుటుంబానికి మూడు నెలల నీరు.

ఒకసారి నింపితే సరిపోదా అంటారు. సరిపోదు. మే నెలలో ఎండ మండే రోజున, నీటిమట్టం సుమారు ఒక సెంటీమీటరు ఆవిరైపోతుంది. సెంటీమీటరే గదా అనిపిస్తుంది. మన కొలను వైశాల్యానికి అది రోజుకు మూడువందల లీటర్ల పైమాట. నెలకు దాదాపు పదివేల లీటర్లు, రెండు ట్యాంకర్లు. అదీ ఎప్పుడు? వీధికొళాయిలో రోజు విడిచి రోజు నీళ్లు వచ్చే కాలంలో, పొరుగింటి బోరు గాలి వదలుతున్న కాలంలో. వాడనివేళ కొలనుపై కప్పు పరచితే ఈ నష్టం చాలవరకు తగ్గుతుంది గాని, బొత్తిగా పోదు. వడపోతయంత్రాన్ని కడిగిన ప్రతిసారీ కొంత నీరు పారబోయక తప్పదు.

ఈ నీరు ఎక్కడనుండి తెస్తారు? బోరునుండి అంటే, ఆ బోరు మీ ఇంటిదే అయినా, దానిలోకి ఊరే జలం వీధివారందరిదీ. వాల్టా చట్టం బోరుబావులను అదుపులో పెట్టినదీ ఇందుకే. నగరపు కొళాయినుండి అంటే, హైదరాబాదుకు కృష్ణాజలాలు, గోదావరీజలాలు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరంనుండి, మెట్టుమెట్టుకూ విద్యుత్తుతో ఎత్తిపోసి తెస్తున్నారని మరువరాదు. 2024 వేసవిలో, మన తెలుగువారు లక్షలాదిగా ఉన్న బెంగళూరులో, బోర్లు ఎండిపోయినప్పుడు, అక్కడి జలమండలి త్రాగునీటిని ఈతకొలనులకు వాడరాదని నిషేధించి, మీరినవారికి ఐదువేల రూపాయల జరిమానా విధించినది. కొలను ఉన్నవారికి చట్టం వచ్చి ఆపేంతవరకు నీటి విలువ తెలియకపోవడం శోభస్కరం కాదు.

నీరు చాలినంత ఉన్నా, అది ఎట్టి నీరు? బోరునీరు కఠినజలమైతే పలకలమీద తెల్లని గారపొర కడుతుంది. సముద్రతీరపు ఉప్పునీరు ఇనుపకడ్డీలను తినివేస్తుంది. కొలను నింపకముందు ఒక సీసాడు నీటిని పరీక్షకు పంపండి. పారబోసే నీరు ఎక్కడికి పోతుందో కూడా ముందే నిర్ణయించండి. క్లోరిన్ కలిసిన నీటిని పొరుగువారి తోటలోకో, వీధిలోకో వదలడం న్యాయం కాదు.

నేలలోని నీటిని వానకాలం చివర చూడుమన్నాను. బోరులోని నీటిని మే నెల చివర చూడండి. ఒకే స్థలాన్ని రెండు ఋతువులలో చూడండి. వానకాలంలో నేలనీరు పైకి వచ్చి కొలనును ఎత్తదని, వేసవిలో బోరునీరు క్రిందికి పోయి కొలనును ఎండబెట్టదని, రెండూ రూఢి అయిన తరువాతనే మీ స్థలం పనికివస్తుంది.

ఇక నాలుగవది రక్షణ. చివరికి ఉంచినాను గాని, ఇది చిన్నదని కాదు.

పిల్లవాడు నీటిలో మునిగేటప్పుడు కేకలు వేస్తాడని, చేతులు కొట్టుకొంటాడని మనం సినిమాలలో చూచి నమ్ముతాము. నిజంలో అట్లా జరగదు. పసిబిడ్డ చప్పుడు లేకుండా మునిగిపోతాడు. పక్కగదిలో తల్లి ఉన్నా వినబడదు. ఫోను మ్రోగి, మాట్లాడి వచ్చేంత వ్యవధి చాలు. ఐదేండ్లలోపు పిల్లలకు, ముఖ్యంగా నడక వచ్చి, భయం రాని వయస్సులో, ఈ ప్రమాదం ఎక్కువ. ఈ కారణంచేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ, నీటి చుట్టూ పిల్లలు చొరరాని అడ్డు ఉండవలెనని గట్టిగా చెబుతున్నది.

కావున, స్థలాన్ని చూచేటప్పుడే ఈ ప్రశ్న వేసుకొనండి: కొలనుకు నాలుగువైపులా కంచె కట్టడానికి వీలున్నదా? మూడువైపుల కంచె, నాలుగవవైపు ఇంటితలుపు అనేది చాలదు; ఆ తలుపుగుండానే బిడ్డ వెళ్లేది. నాలుగువైపులా, కనీసం నాలుగడుగుల ఎత్తు, ఎక్కడానికి అడ్డకమ్మీలు లేని కంచె కావలెను. దాని ద్వారం తనంతట తాను మూసుకొనవలెను. గడియ బిడ్డ చేతికి అందరాదు. వంటింటినుండి, వసారానుండి కొలను పూర్తిగా కనబడవలెను. ఇంటివెనుక, ఎవరి చూపూ పడని మూల, ఎంత అందంగా ఉన్నా, కొలనుకు తగిన చోటు కాదు. మీకు చిన్నపిల్లలు లేకపోవచ్చును. పండుగకు వచ్చే చుట్టాల పిల్లలున్నారు. పనిచేయడానికి వచ్చే అమ్మ వెంట వచ్చే బిడ్డ ఉన్నది. బంతికోసం గోడదూకే పొరుగింటి కుర్రవాడున్నాడు. కొలను కట్టినవాడు వీరందరికీ బాధ్యుడు.

విద్యుత్తు విషయంలో కూడా రాజీ పనికిరాదు. నీటిలోపలి దీపాలు పన్నెండు వోల్టుల తక్కువ పీడనంవే కావలెను; కరెంటు కొద్దిగా కారినా తక్షణం ఆపివేసే సాధనం, మంచి ఎర్తింగు ఉండవలెను. నీరు పీల్చే అడుగు రంధ్రాలకు, జుట్టు గాని వేళ్లు గాని చిక్కుకొనని జాలరమూతలు ఉండవలెను. ఇంటి కొలనులో తలక్రిందుగా దూకడం ఎవరినీ చేయనీయరాదు.

మరి కొలనును పట్టించుకొనే తీరిక ఎవరికున్నది? పంపు రోజూ కొన్ని గంటలు తిరగవలెను. క్లోరిన్ పాళ్లు తరచుగా చూడవలెను. ఇల్లు తాళంవేసి ఆరునెలలు పిల్లలవద్దకు విదేశం వెళ్లే దంపతులు ఆలోచించవలెను. విడిచిపెట్టిన కొలను పదిరోజులలో దోమల పుట్టిల్లు అవుతుంది. దోమద్వారా మలేరియా వ్యాపిస్తుందన్న సత్యానికి ఆధారాన్ని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. ఆ గడ్డమీద ఉన్నవారమై, నిలువనీటి అపాయాన్ని మనం మరువదగదు.

శ్రోతలారా, మొదట చెప్పిన నాలుగు మాటలను మరల ఒకసారి తలచుకొందాము.

నేల: ఉబ్బని, క్రుంగని నేలయేనా? వానకాలంలో పరీక్షగుంటలో నీరు ఊరకుండా ఉన్నదా? చోటు: పునాదులకు, తీగలకు, చెట్లకు, సెప్టిక్ ట్యాంకుకు ఎడంగా, అనుమతితో, బాటతో కూడ పట్టేంత స్థలమున్నదా? నీరు: మే నెలలో కూడా, పొరుగువారి నోటిముందు నీటిని లాగకుండా, దానిని నిలుపగలరా? రక్షణ: నాలుగువైపుల కంచె, ఇంటినుండి నిరంతర దృష్టి, ఏడాదిపొడవునా సంరక్షణ కుదురుతాయా?

నాలుగింటికీ అవునన్నవారు నిశ్చింతగా, మంచి ఇంజనీరును కుదుర్చుకొని, పని ప్రారంభించండి. మీ కొలను మీకు, మీ బిడ్డలకు ఆరోగ్యాన్నివ్వగలదు. వీలైతే వీధిలోని పిల్లలను కూడా, పెద్దల సమక్షంలో, ఈత నేర్చుకొననీయండి.

ఏ ఒక్కదానికి కాదన్నా, విచారపడకండి. ఈత నేర్చుకొనడానికి సొంతకొలను అవసరం లేదు. విజయవాడలో నగరపాలక సంస్థవారి సర్ విజ్జీ ఈతకొలను వంటి సార్వజనిక కొలనులు మన నగరాలలో ఉన్నవి. అక్కడ శిక్షకుడు ఉంటాడు, నీటిని చూచేవారు ఉంటారు, ఒకే నీరు వందలమందికి ఉపయోగపడుతుంది. మీ ఊరిలో అట్టిది లేకపోతే, మీవంటి పదిమంది కలిసి పురపాలక సంఘాన్ని కోరండి. పది పెరళ్లలో పది కొలనులు తవ్వేకంటె, ఊరికి ఒక మంచి కొలనును నిలుపుకొనడం నీటికీ మేలు, పిల్లలకూ మేలు.

కొలను తవ్వదలచినవారికి నా చివరి మనవి ఇది. ఒక వానకాలం, ఒక వేసవి ఆగండి. రెండు ఋతువులలోను మీ స్థలాన్ని మీ కళ్లతో చూడండి. ఆ తరువాతనే గడ్డపార ఎత్తండి.